చందుర్తి దాటినాక ఒక కునుకు

నిద్ర తెల్లగా ఉంటుంది.

సిరిసిల్లలో రాత్రంతా సాంచాల ముందు నిలబడ్డవాళ్ళకు ఆ సంగతి తెలుసు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. అవి టకటక కొట్టుకుంటూ ఉంటే నూలు దుమ్ము మెల్లగా రాలుతూ ఉంటుంది — జుట్టు మీద, భుజాల మీద, కనురెప్పల మీద. కొంతసేపటికి ఆ చప్పుడు చెవులు దాటి ఒంట్లోకి దిగుతుంది. దిగి, గుండెతో కలిసి కొట్టుకుంటుంది. అప్పుడు రెప్పల మీది తెలుపు బరువెక్కుతుంది.

నిలబడ్డచోటే, తెరిచిన కళ్ళతోనే, మనిషి ఎక్కడికో వెళ్ళిపోతాడు.

అంజి అలా చాలాసార్లు వెళ్ళాడు.

అవి బస్సులు ఆగిపోయిన రోజులు. తెలంగాణ వచ్చేదాకా పని ముట్టబోమని ఊళ్ళకు ఊళ్ళే చేతులు కట్టుకుని కూర్చున్న రోజులు. డిపోలో బస్సులు నీళ్ళలో పడుకున్న బర్రెల్లా కదలకుండా ఉండేవి. బడులకు తాళాలు. ఆఫీసులకు తాళాలు. బొగ్గుబావుల్లోకి దిగేవాళ్ళు దిగడం మానేశారు. బొగ్గు లేక కరెంటు పోయింది. పోయిన కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. వస్తే చీకటి పడ్డాకే వచ్చేది. వచ్చినప్పుడు సాంచ నడవాలి. సాంచ నడిస్తే అంజి నిలబడాలి.

పగలు చౌరస్తాలో నినాదాలు. రాత్రి సాంచ. ఈ రెంటి మధ్యా నిద్ర ఎక్కడ పట్టాలో ఎవరూ ఆలోచించలేదు. అంజి అసలే ఆలోచించలేదు. ఇరవై అయిదేళ్ళవాడు. ఆ వయసులో నిద్ర మానుకోవడం కూడా ఉద్యమంలో ఒక భాగంలాగే ఉంటుంది... కొంచెం గర్వంగా.

భార్య వనిత తొలికాన్పుకు కథలాపూర్‌లో తల్లిగారింటికి వెళ్ళింది. సమ్మెకు ముందే, ఏడో నెలలో, అంజే తన బండి మీద ఆమెను దింపి వచ్చాడు. బస్సు కుదుపులు పడవని, బండయితే మెల్లగా పోవచ్చని. అప్పటినుంచి వీలు దొరికినప్పుడల్లా, రాత్రి పని దిగగానే, అదే బండెక్కి ఆమెను చూడటానికి పోయేవాడు. వేములవాడ. చందుర్తి. రుద్రంగి. ఆ తర్వాత కథలాపూర్.

తెల్లవారుతుండగా ఆ దారిలో ఒక సుఖం ఉండేది.

అంజి ఎవరికీ చెప్పని సుఖం.

మంచు రోడ్డు మీదికి దిగి ఉంటుంది. పాలు పోసుకుంటున్న వరి వాసన. గట్ల వెంబడి గునుగు, తంగేడు పూలు. బండి చప్పుడు వెళ్ళి ఒంట్లోని సాంచ చప్పుడులో కలుస్తుంది. చేతులు తనవి కాకుండా పోతాయి. కాళ్ళు తనవి కాకుండా పోతాయి. తల ఒక్కటే మిగులుతుంది — అదీ దూదిపింజలా తేలిపోతూ...

ఒకనాడు చందుర్తి ఎప్పుడు దాటాడో తెలియలేదు. ఊరికి ఊరే లేకుండా పోయింది. ఇళ్ళు లేవు, చాయ్ హోటలు లేదు, మూల మలుపు లేదు. చూసుకునేసరికి రుద్రంగి గుట్టలు ఎదురుగా ఉన్నాయి.

అంజి భయపడలేదు. నవ్వుకున్నాడు.

దారే తనను మోసుకొచ్చిందనుకున్నాడు.

*

ఇంకోనాడు, రాత్రి పని దిగుతుండగా, ఫోను కొమురెల్లికి వచ్చింది. కొమురెల్లి అతని పక్క సాంచ నడిపే మనిషి. అంజి ఫోను రెండు రోజులుగా చచ్చిపడి ఉంది. గదిలో కరెంటు ఉండే వేళకు అంజి గదిలో ఉండడు మరి.

“మీ అత్తమ్మరా. నీ పెండ్లానికి నొప్పులు మొదలైనయట. ఆటోల కోరుట్ల దవాఖానకు తీస్కపోతున్నరట. నిన్ను జల్ది రమ్మంటున్నది.”

అంజి అప్పటికే బండి తాళంచెవి కోసం జేబులు తడుముకుంటున్నాడు.

“ఆగురా. మొఖమన్న కడుక్కో. మొన్నటి సంది నువ్వు నడుం వాల్చలే.”

“పోయినంక పండుకుంట.”

“గీ హెల్మెట్టన్న పట్టుకపో.”

అంజి పట్టుకుపోయాడు. బండి అద్దానికి తగిలించాడు.

రెప్పల మీది నూలు దుమ్ము అలాగే ఉంది.

వనిత ఎట్లా ఉందో. అదొక్కటే. వనిత ఎట్లా ఉందో... బండి ఆ మాటనే పట్టుకుని ఊరు దాటింది. ఆ మాట తిరిగి తిరిగి, అరిగి అరిగి, చివరికి అర్థం పోయి, ఉట్టి చప్పుడయింది. సాంచ చప్పుడు.

వేములవాడ బస్టాండు ముందు ఒక ముసలామె చేయి అడ్డం పెట్టింది. చంకలో సంచి. అంజి ఆపాడు. ఆ రోజుల్లో ఎవరు చేయెత్తినా బండ్లు ఆగేవి. బస్సు లేని దేశంలో బండి ఉన్నవాడు బస్సు అయ్యేవాడు.

“ఏడిదాక కొడుకా?”

“కోరుట్ల దాక. ఎక్కవ్వా, జల్ది ఎక్కు.”

“నన్ను రుద్రంగిల దించు. మా చెల్లె ఇంటికి వోతున్న.”

ఆమె పేరు కిష్టవ్వ. ఎక్కి పక్కకు తిరిగి కూర్చుంది.

“కొంగు చక్రంల వడ్తది, దగ్గరికి గుంజుకో.”

“నాకు తెల్వదా?” అని కొంగు నడుంలో దోపుకుంది. బండి కదలగానే మొదలుపెట్టింది. చెల్లెలి మనుమరాలి బారసాల. సంచిలో తను కట్టుకోబోయే కొత్త చీర ఉంది. ఆకుపచ్చది, అంచు ఎర్రది. బస్సులు బందయ్యాయని ఊరుకుంటే చెల్లెలు జన్మలో మాట్లాడదు. చిన్నప్పటినుంచీ దాని మూతి అంతే.

“గా టోపి నెత్తికి పెట్టుకోక అద్దానికెందుకు ఏలాడగట్టినవ్?”

“పెట్టుకుంటె చెవులు ఇనవడయవ్వా.”

“ఇనేటందుకేమున్నది, నేను మాట్లాడేదేనాయె.”

అంజి నవ్వాడు. నవ్వినట్టే గుర్తు.

చందుర్తి వచ్చింది. చందుర్తి పోయింది. కిష్టవ్వ గొంతు వెనకాల కాస్త దూరంలో నడుస్తోంది. తర్వాత ఇంకాస్త దూరంలో. ఎక్కడో చెరువు అవతలి గట్టు మీద ఎవరో చీర సంగతి చెబుతున్నారు. ఆకుపచ్చది... అంచు ఎర్రది... మంచు దట్టమయింది. ఎంత మంచు. ఎంత మెత్తటి మంచు.

రోడ్డుకు సగందాకా మక్కలు — మొక్కజొన్న గింజలు — ఆరబోసి ఉన్నాయి. వాటిని ఎవరూ తొక్కకుండా చుట్టూ రాళ్ళు పెట్టి ఉన్నాయి. బండి వాటి వైపు ఒరిగింది. మెల్లగా. అంజికి బండి ఒరిగినట్టే లేదు. పడక మీద ఒత్తిగిలినట్టుంది.

వీపు మీద దబ్బున ఒక గుద్దు పడింది.

బండి గింజల మీదికి ఎక్కింది. వెనక చక్రం జారింది. అంజి కాళ్ళు రెండూ నేలకు తన్ని పట్టాడు. బండి ఊగి, ఊగి, ఒక రాయికి ముందు నిలబడిపోయింది.

“ఏంది కొడుకా గిది! కండ్లు మూసినవా?”

“లేదవ్వా. మంచుకు కనవడలే.”

“మంచెక్కడున్నది?”

అంజి చూశాడు.

మంచు లేదు. ఎండపొడ అప్పుడే చెట్ల మీద పడుతోంది. రోడ్డు చిట్టచివరిదాకా తేటగా, కడిగినట్టుగా కనిపిస్తోంది.

కిష్టవ్వ దిగింది. దిగి, ముందుకు వచ్చి, అతని ముఖంలోకి చూసింది. చేయి చాచి బండికున్న తాళంచెవి పీకింది. కొంగున ముడివేసుకుంది.

“చెవి ఇయ్యవ్వా. నా పెండ్లాం నొప్పులు వడుతున్నది.”

“నీ పెండ్లాం నొప్పులు వడుతున్నదని నన్ను సంపుతవా? సంచిల కొత్త చీరున్నది. ఒక్కపాలి గూడ ఒంటికి తాకలే. కట్టుకోకుంటనే పొమ్మంటవా?”

“నువ్వు దిగిపో. ఎనకచ్చేటోళ్ళ బండెక్కు. నన్ను పోనియ్యి.”

“దిగిన గద. చెవి మాత్రం ఇయ్య.”

“అవ్వా, దండం వెడ్త...”

“జరంత సేపు కూసో. కూసుంటె ఏం పోతది? కండ్లు నిలిచినంక పోదువు.” రోడ్డు పక్కన వేపచెట్టు కింద ఆమె కాళ్ళు చాపుకుని కూర్చుంది. పోయే తొందర తనకేమీ లేనట్టు.

గుంజుకోవచ్చు. ముసలి చేయి. అంజికి ఆ ఆలోచన వచ్చింది. గుంజుకోవడానికే ఆమె వైపు నడిచాడు. నాలుగడుగులు వేసేసరికి మోకాళ్ళలో బలం లేదు. తన మోకాళ్ళు అలా ఉన్నాయని బండి మీద ఉన్నంతసేపూ అతనికి తెలియలేదు.

ఒక్క నిమిషం అనుకుని కూర్చున్నాడు.

*

సాంచలోంచి రోడ్డు వస్తోంది.

తెల్లటి రోడ్డు. గజాలకు గజాలు. తెగకుండా వస్తోంది, చుట్టుకుంటోంది, మళ్ళీ వస్తోంది. అంజి దాని అంచు పట్టుకుని నిలబడ్డాడు. దూరంగా దాని మీద వనిత నడిచి వస్తోంది. వట్టి కాళ్ళతో. ఒక చేయి కడుపు మీద. పోగు తెగితే ఆమె పడిపోతుంది. పోగు తెగకుండా చూడాలి. చూస్తూనే ఉండాలి. అంజి చూస్తూనే ఉన్నాడు... చూస్తూనే ఉన్నాడు... రోడ్డు మాత్రం వస్తూనే ఉంది. వనిత రావడం లేదు.

*

ఎండ ముఖం మీద పడుతోంది. నీడ చెట్టుకు అవతలి పక్కకు పోయింది.

తల కింద ఏదో మెత్తగా తగిలింది. అంజి దిగ్గున లేచాడు. కిష్టవ్వ ఆ మెత్తటిదాన్ని తీసుకుని దులిపింది. ఆకుపచ్చ చీర. మడతల్లో అతని తల ఆనిన చోట గుంటపడి ఉంది.

“నలిగిపాయె,” అంది, తనలో తాను.

“ఎంతసేపాయె?”

“నాకేమెరుక. నీడ గిటుండె, గటు పోయింది.”

“ఎందుకు లేపలే!” అంజి అరిచాడు. ఒక ముసలామె మీద అంత గట్టిగా అరవడం అతనికి అదే మొదటిసారి. “అక్కడ నా పెండ్లాం ఎట్లున్నదో! ఎందుకు లేపలేదవ్వా!”

“లేపిన కొడుకా. ఊపి ఊపి లేపిన. నువ్వు లేస్తెగద.”

ముడి విప్పి తాళంచెవి అతని చేతిలో పెట్టింది. మళ్ళీ వెనక ఎక్కి కూర్చుంది. ఈసారి ఆమె మాట్లాడలేదు. అతని కోపం వెలుతురులాగా ఉంది — ప్రతిదీ స్పష్టంగా చూపిస్తోంది. గడ్డిపోచలు, కరెంటు తీగల మీద పాలపిట్ట, రోడ్డు మీద తారు పగుళ్ళు.

రుద్రంగి ఇంకా రాలేదు. గుట్ట మలుపు తిరిగాడు.

రాళ్ళు.

రోడ్డుకు ఈ చివరినుంచి ఆ చివరిదాకా. మనిషి ఒక్కడే ఎత్తలేనంత రాళ్ళు. నిన్న ఎవరో రాస్తారోకోకు పెట్టారు. పొద్దుపోయాక ఇళ్ళకు వెళ్ళిపోయారు. రాళ్ళు ఉండిపోయాయి. మలుపు తిరిగేదాకా కనపడని రాళ్ళు.

అంజి బ్రేకు వేశాడు. బండి నిలబడింది.

అంతే జరిగింది. బండి నిలబడింది. రోడ్డు పక్క పొలంలో కొంగలు లేచి మళ్ళీ వాలాయి.

ఇద్దరూ చాలాసేపు ఆ రాళ్ళనే చూస్తూ ఉండిపోయారు. పొద్దున ఉన్న మంచు... అదే మంచు... ఈ మలుపులో...

కిష్టవ్వ సంచి కింద పెట్టింది.

“పట్టు కొడుకా. ఎనకచ్చేటోళ్ళున్నరు.”

ఒక్కొక్క రాయినీ దొర్లించారు. అంజి తోస్తే, ఆమె పక్కనుంచి కాలితో ఆపింది. వనిత ఎదురుచూస్తోంది, ఇక్కడ తను రాళ్ళు దొర్లిస్తున్నాడు. అయినా ఒక్క రాయినీ వదలలేదు. ఎందుకు వదలలేదో అతనికి తెలియదు. చివరి రాయి గుంటలోకి దొర్లాక రోడ్డు అక్కడేమీ లేనట్టు, ఎప్పుడూ ఏమీ ఉండనట్టు, నల్లగా పడి ఉంది.

రుద్రంగి చౌరస్తాలో ఆమె దిగింది. “మెల్లగ పో,” అంది.

అంజి తల కూడా ఊపలేదు. పోయాడు. ఆమె చెల్లెలి ఇల్లు ఎటు, ఇంటిపేరేంది, ఏదీ అడగలేదు. ఆ సంగతి కథలాపూర్ దాకా గుర్తుకు రాలేదు. గుర్తుకు వచ్చాక ఇక వదలలేదు.

*

కథలాపూర్‌లో అత్తగారింటికి తాళం.

కోరుట్ల దవాఖానలో వనిత లేదు. “జగిత్యాలకు తోలిన్రు. ఆపరేషన్ చెయ్యాల్నన్నరు. ఎప్పుడనంగనో పోయిన్రు,” అని అక్కడి ఆయా చెప్పింది. చెప్పి, అతన్ని కింది నుంచి మీదికి చూసింది. జుట్టులో గడ్డి ఉంది.

కోరుట్ల దాటాక రోడ్డు మీదే పొయ్యిలు వెలుగుతున్నాయి. ఊరంతా రోడ్డు మీద వండుకుని రోడ్డు మీదే తింటోంది, సమ్మెలో అదొక పద్ధతి. పొగ. పాటలు. విస్తళ్ళు. మధ్యలో పెద్ద అన్నం గుండిగ. గరిటె పట్టుకున్న మనిషి బండికి అడ్డం వచ్చాడు.

“ఇయ్యాల బండ్లు పోవద్దన్నా.”

“నా పెండ్లాం కాన్పుకుంది. జగిత్యాలల.”

ఆ మనిషి ఇంకేమీ అడగలేదు. గుండిగకు చెరో పక్కా ఇద్దరు పట్టి లేపారు. జనం పాట ఆపకుండానే రెండుగా చీలి దారి ఇచ్చారు.

“ముంగట టైర్లు కాలవెట్టినం. తీగలున్నయ్, చక్రాలకు సుట్టుకుంటయ్. మెల్లగ పో. గా హెల్మెట్టు పెట్టుకో.”

అంజి పెట్టుకున్నాడు. లోపల అతని ఊపిరి అతనికే వినిపించింది. పాట దూరమయింది. కాలిన టైర్ల నల్లటి వలయాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. వాటి మధ్యనుంచి, నడిచినంత మెల్లగా, కళ్ళు చించుకుని చూస్తూ పోయాడు. ఆ రోడ్డంతా అతనికి గుర్తుంది. ప్రతి గుంత. ప్రతి తీగ. జీవితంలో మొదటిసారి ఒక దారి మొత్తం గుర్తుంది.

*

జగిత్యాల దవాఖాన వరండాలో సాయంత్రపు ఎండ పొడుగ్గా పడి ఉంది. అత్త రాజక్క గోడకు చేరగిలి కూర్చుంది. ఒళ్ళో పాత చీరలో చుట్టిన పాప.

అంజిని చూసి గబగబా లేచింది. పాపను ఒక చేత్తో ఎదకు అదుముకుని, రెండో చేత్తో అతని భుజం, మోచేయి, నుదురు తడిమింది.

“ఏడ వడ్డవయ్యా? దెబ్బలేమన్న తాకినయా? కొమురెల్లికి చేస్తె పొద్దుగాలనే ఎల్లిండన్నడు. ఎల్లినోడు ఏమాయెనని నా పానం పానంల లేదు. వనిత గూడ ఆపరేషన్‌కు పోకుంట తలుపు దిక్కే చూసుకుంట ఉన్నది.”

“వడలేదత్తమ్మా.”

“మరేమాయె?”

బండి చెడిపోయిందనవచ్చు. రాస్తారోకోలో ఆపారనవచ్చు. ఆ రోజుల్లో అందరూ నమ్మే మాట. అంజి నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అప్పుడే పాప ఆవులించింది. ఇంత చిన్న నోరు, ఇంత పెద్ద ఆవులింత. అంజి దానికేసి చూస్తూ నిజం చెప్పేశాడు.

“పండుకున్న.”

“ఏంది?”

“నిద్ర ఆగలే. చందుర్తి దాటినంక చెట్టు కింద పండుకున్న.”

రాజక్క చేయి అతని భుజం మీదినుంచి జారిపోయింది.

“పండుకున్నవా,” అంది. గొంతు పెంచలేదు. “నా బిడ్డ సావు బతుకుల మీదుంటె... చెట్టు కింద... పండుకున్నవా.”

పక్కన ఎవరో తలతిప్పారు. ఇంకెవరో అడిగారు. పండుకున్నడట. రోడ్డు పక్కన పండుకున్నడట. ఆ మాట వరండా పొడుగునా నడిచింది, వార్డులోకి పోయింది, మంచం మంచం దగ్గరా ఆగింది. పండుకున్నడట. తాగిండేమో, అంది ఒక గొంతు.

పడి ఉంటే బాగుండేదేమో. ఒక్క క్షణం అంజికి అలా అనిపించింది. చేయి విరిగి ఉంటే, తలకు కట్టు ఉంటే, ఈ వరండా అంతా అతని చుట్టూ చేరేది. ఎవరో నీళ్ళు తెచ్చేవారు. పడినవాడికి చూపించడానికి దెబ్బ ఉంటుంది. పడనివాడికి ఏముంటుంది? రాళ్ళు ఉండేవి... వాటినీ తన చేతులతోనే గుంటలోకి దొర్లించి వచ్చాడు.

*

వనిత వెల్లకిలా పడుకుని ఉంది. తల కింద దిండు లేదు. పెదవులు తెల్లబారి ఉన్నాయి. కళ్ళు మాత్రం తెరుచుకునే ఉన్నాయి.

అంజి మంచం పక్కన నిలబడ్డాడు.

“అమ్మ చెప్పింది,” అంది.

“వనితా...”

“ఎవలు ఆపిన్రు నిన్ను?”

అలా ఎవరూ అడగలేదు అప్పటిదాకా.

“ఒక అవ్వ. బండి ఎనుక ఎక్కింది. చెవి గుంజుకున్నది.”

“ఎందుకు గుంజుకున్నది?”

చెప్పాడు. మక్కలు. మంచు కాని మంచు. వేపచెట్టు. మలుపులో రాళ్ళు. చెబుతుంటే ఆమె ముఖం మెత్తబడుతుందనుకున్నాడు. తనకు తప్పిన ప్రమాదాన్ని ఆమె ఒక్కతయినా చూస్తుందనుకున్నాడు.

ఆమె చూసింది. అతను అనుకున్నదానికంటే ఎక్కువే చూసింది.

“గిదే మొదటిసారా?”

కిటికీ బయట ఎక్కడో నినాదాలు వినిపిస్తున్నాయి. దగ్గరకు వచ్చి, మళ్ళీ దూరం పోతున్నాయి.

“చెప్పు.”

“కాదు.”

“నన్ను చూడనీకి అచ్చినప్పుడల్లా గిట్లనే అచ్చినవా?”

“శానసార్లు.”

“కండ్లు మూసుకోని అచ్చినవా నా దగ్గరికి?”

ఆ సుఖం గురించి ఆమెకు ఎట్లా చెప్పాలి? తేలిపోవడం గురించి. ఊర్లు మాయమవడం గురించి. నవ్వుకోవడం గురించి. ఇన్నాళ్ళూ ఆ తెల్లటి దారి తనొక్కడిదే అనుకున్నాడు.

వనిత కళ్ళు పైకప్పుకేసి తిరిగాయి. ఆ తర్వాతి మాట ఆమె వెతుక్కుంటున్నట్టుగా లేదు. అది దొరికింది. దాన్ని పైకి అనడానికే జంకుతోంది.

“ఏడో నెల్ల... నన్ను ఎక్కించుకోని అచ్చిననాడు?”

నినాదాలు ఆగిపోయాయి.

“ఎనుకకెల్లి నేనేందో అడిగిన. నువ్వు మాట్లాడలే. రెండోపాలి గూడ అడిగిన. బండి మీద మనసు పెట్టి మెల్లగ తోలుతున్నవ్ గావచ్చనుకున్న.” ఆమె చేయి దుప్పటి మీద కదిలింది. ఖాళీ కడుపు మీదికి వెళ్ళి అక్కడ ఆగింది. “నిద్రవోయినవా?”

అంజి తలెత్తలేదు.

తలెత్తకపోవడమే జవాబయింది.

వనిత ఏడవలేదు. తిట్టలేదు. ఊపిరి మాత్రం ఒకసారి గట్టిగా లోపలికి తీసుకుంది, చల్లటి నీళ్ళలో దిగినట్టు.

రాజక్క పాపను తీసుకుని వచ్చింది. వరండాలో కూర్చుని ఆమె కోపం కాస్త చల్లారినట్టుంది. ఎంతయినా అల్లుడు. ఎంతయినా పాపకు తండ్రి.

“పట్టు. నీ బిడ్డను నువ్వన్న ఎత్తుకో,” అని పాపను అతని వైపు చాచింది.

అంజి చేతులు చాచాడు.

“అమ్మా, గాయనకియ్యకు,” అంది వనిత.

“ఎందుకే?”

“నిద్రవోతడు.”

చాచిన చేతులు గాలిలో అట్లాగే ఉండిపోయాయి. రాజక్క కూతుర్ని చూసింది, అల్లుణ్ణి చూసింది. ఏమీ అర్థం కాక పాపను మంచం మీద, తల్లి పక్కన పడుకోబెట్టింది. చాయ్ తెస్తానని గ్లాసు తీసుకుని బయటికి పోయింది.

అంజి కదలలేదు. వెళ్ళిపొమ్మని వనిత అనలేదు. ఉండమనీ అనలేదు.

వార్డులో వెలుతురు తగ్గుతోంది. పాప మొదట మూలిగింది. తర్వాత ముఖమంతా ఎర్రబడేలా ఏడుపు అందుకుంది. వనిత పక్కకు ఒత్తిగిలబోయింది. కుట్లు పట్టి గుంజాయి. పళ్ళు బిగించి మళ్ళీ ప్రయత్నించింది. చేయి పాపదాకా పోయింది. ఎత్తడానికి చాలలేదు. తలుపు వైపు చూసింది. అమ్మ రాలేదు.

పాప ఏడుస్తోంది.

“కింద కూసో,” అంది వనిత, అతనివైపు చూడకుండా.

అంజి నేల మీద కూర్చున్నాడు.

“గోడకు ఆనుకోకు.”

ముందుకు జరిగాడు.

“ఇప్పుడు తీస్కో.”

అంజి తీసుకున్నాడు. రెండు చేతులతో, ఎదకు దగ్గరగా. సాంచ మీద సన్నటి పోగు పట్టే చేతులు. పాప బరువేమీ లేదు. వెచ్చదనం మాత్రం ఉంది. కొద్దిసేపు ఎక్కిళ్ళు పెట్టి, అతని చొక్కాలో ముఖం దాచుకుని ఊరుకుంది.

“కండ్లు తెరిచే ఉంచు.”

“తెరిచే ఉన్న.”

“నాకు కనవడాలె.”

అంజి ముఖం పైకెత్తాడు. ఆమె తల మాత్రం అతని వైపు తిప్పుకుని పడుకుంది. తెల్లవారుజామునుంచీ నొప్పులు పడ్డ మనిషి. కత్తి కిందికి వెళ్ళి వచ్చిన మనిషి. ఆమె కళ్ళ చుట్టూ నల్లగా ఉంది. రెప్పలు నిలవడం లేదు. నిలుపుకుంటోంది.

“నువ్వు పండుకో,” అన్నాడు. “నేను మెలకువనే ఉంట.”

కిటికీలోంచి గాలి వచ్చింది. పాప గుప్పిట ఒకసారి తెరుచుకుని, మెల్లగా సడలిపోయింది. ముగ్గురిలో పాప ఒక్కతే నిద్రపోయింది.

అంజి పాపను చూస్తున్నాడు.

వనిత అంజిని చూస్తోంది. ఆమె రెప్పలు వాలుతున్నాయి... మళ్ళీ లేస్తున్నాయి... వాలుతున్నాయి... మళ్ళీ లేస్తున్నాయి.